తోడేలు బిళ్ళ

అనుమానపడటం నా ఉద్యోగం. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు ఎక్కడ నక్కి ఉన్నాయో వెతికి బయటికి లాగుతాను, అందుకు జీతం తీసుకుంటాను. పగలంతా ఆ పని చేసి, సాయంత్రం ఇంటికొచ్చి అందర్నీ నమ్మమంటే నా వల్ల కాదు. మా ఆయన కృష్ణప్రసాద్ తేదీ చూడకుండా పాలు తాగేస్తాడు. గ్లాసు నోటిదాకా వెళ్ళేలోపు నేను లాక్కుని వాసన చూస్తాను. ఈ సంసారం ఇంతకాలం సాఫీగా సాగిందంటే అది నా ముక్కు చలవేనని ఆయనకి చాలాసార్లు చెప్పాను.

అందుకే, ఐర్లండ్‌లో మేముండే ఊరు బాలింకాలిగ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అనంతరామ్ అనే కుర్రాడు శనివారాలు పిల్లలకి ఉచితంగా లాటిన్ నేర్పుతానని పెట్టినప్పుడు, నా కంటికి మొదట ఆనింది లాటిన్ కాదు, ఉచితం. ఈ రోజుల్లో ఊరికే ఎవరు ఏం నేర్పుతారు? మా ఆయన మాత్రం డాక్టర్ల మాటలన్నీ లాటినేనని, పిల్లకి పనికొస్తుందని అప్పుడే పేరు ఇచ్చేశాడు.

నేను వెళ్ళి అనంతరామ్‌ని కలిశాను. రాజమండ్రి అబ్బాయి, కార్క్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. నాలుగైదు వందల ఏళ్ళ కిందట యూరప్ బళ్ళలో చిన్నపిల్లలకి లాటిన్ ఎలా నేర్పేవారన్నది అతని విషయం. వ్యాకరణం కంఠస్థం చేయించడంతో పాటు, ఆ పంతుళ్ళు చిన్న చిన్న సంభాషణలు రాసి పిల్లల చేత ఆడించేవారట. బడికి ఆలస్యంగా వచ్చినవాడితో స్నేహితుడు ఏమంటాడు, పుస్తకం పోగొట్టుకున్నవాడు ఎలా బుకాయిస్తాడు, ఇలాంటివి. ఆ పద్ధతి ఈ కాలం పిల్లల దగ్గర ఎలా పనిచేస్తుందో చూడాలని అతని ఆశ. ప్రొఫెసర్ ఇచ్చిన ఉత్తరం చూపించాడు. పిల్లలతో పనిచేసేవాళ్ళకి గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఇచ్చే అనుమతి కాగితం అడక్కముందే తీసి చూపించాడు. అన్నీ ఇంత సరిగ్గా ఉన్న మనిషిని చూస్తే నాకు ఇంకా అనుమానం. పైగా నన్ను ఆంటీ అన్నాడు.

అయినా పంపాను. మా సుధేష్ణ కోసం పంపాను. దానికి పదకొండేళ్ళు. నేను తెలుగులో అడిగితే అది కార్క్ యాసతో ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. పుట్టినప్పటినుంచీ దాని నోట ఒక్క తెలుగు వాక్యం వినాలని బతిమాలాను, కథలు చెప్పాను, బొమ్మలు ఆశపెట్టాను. అర్థం అన్నీ అవుతాయి, నోరు మాత్రం తిరగదు. దానికున్న ఒక్క స్నేహితురాలి అమ్మకి డబ్లిన్‌లో బోమాంట్ హాస్పిటల్లో ఉద్యోగం రావడంతో వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత అది స్కూల్లో ఒంటరిగా కూర్చుని లంచ్ తింటోందని టీచరు చెప్పినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తల్లికి అంతకన్నా చిన్న బాధ, అంతకన్నా పెద్ద బాధ ఇంకోటి ఉండదు.

అప్పుడే ఉజ్వల వచ్చింది. వాళ్ళది కరీంనగర్. వాళ్ళ అమ్మ మధులిక మందుల కంపెనీలో పనిచేస్తుంది. మా వీధి చివరి ఇంట్లో అద్దెకు దిగారు. సుధేష్ణ క్లాసే. ఆ పిల్లకి ఇంగ్లీషు సరిగా రాదు, నోరు తెరిస్తే క్లాసులో పిల్లలు నవ్వుతారట. అందుకని తెరవడం మానేసింది. మా ఇంటికొస్తే చూపు నేలమీదే ఉండేది. మొహంలోకి చూడని మనుషుల్ని నేను ఎప్పుడూ నమ్మలేదు, అది పిల్లయినా సరే.

వాళ్ళిద్దరూ గదిలో తలుపేసుకుని గుసగుసలాడుకునేవారు. మా అమ్మాయి పగలబడి నవ్వడం వినపడేది. నేను జంతికల పళ్ళెం పట్టుకుని తలుపు తీయగానే ఇద్దరూ గప్‌చుప్. నవ్వినందుకు సంతోషించాలో, ఆపినందుకు అనుమానించాలో తెలిసేది కాదు. రెండూ చేశాను.

లాటిన్‌కి ఉజ్వల కూడా చేరింది, శనివారం ఇద్దర్నీ కారులో నేనే తీసుకెళ్ళేదాన్ని. వెనక సీట్లో కూర్చుని ఆ వారం సంభాషణ అప్పజెప్పుకునేవారు.

"ఉబి ఫుయిస్తి?" అనేది ఉజ్వల.

"దోమి," అనేది సుధేష్ణ.

ఎక్కడున్నావు అంటే ఇంట్లో ఉన్నాను అనిట. ఆ తర్వాత నిన్ను ఎవరు చూశారు, నీతో ఇంకెవరున్నారు, నిజమే చెబుతున్నావా. ఇవి పిల్లల కబుర్లా, గార్డ్స్ స్టేషన్లో కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలా? అడిగేది ఎప్పుడూ ఉజ్వల. ఇక్కడ మాత్రం ఆ పిల్ల గొంతు ఖంగుమనేది. లాటిన్ అందరికీ కొత్తే కదా, అందులో వెనకబడటమంటూ ఎవరికీ లేదు. అనంతరామ్ దగ్గరున్న పిల్లలందరిలో ఆ పిల్లే ముందుందని, అదే క్లాసుకొచ్చే రోహిత్ వాళ్ళమ్మ నాతో అంది.

ఇదంతా ఒక ఎత్తు, కుర్చీలు ఒక ఎత్తు. క్లాసు కమ్యూనిటీ హాల్లో. నేను బయట కారులో కూర్చుంటాను. పిల్లలందరూ బిలబిలమంటూ వచ్చేస్తారు, మా అమ్మాయి రాదు. మొదటివారం ఆలస్యమైందనుకున్నాను. మూడోవారం దిగి వెళ్ళి తలుపు అద్దంలోంచి చూశాను. హాల్లో కుర్చీలన్నీ మా పిల్ల ఒక్కతే మోసి గోడవారగా పేరుస్తోంది. ఉజ్వల తలుపు దగ్గర నిలబడి చూస్తోంది తప్ప చెయ్యి వెయ్యట్లేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

కారులో అడిగితే "ఇట్స్ నథింగ్, మామ్" అంది. ఏమీ లేదన్నారంటే ఏదో ఉందని నా వృత్తిలో మొదటి పాఠం.

ఆ పై వారం కూడా అంతే. ఆ తర్వాతా అంతే. రోహిత్ మా ఇంటికొచ్చినప్పుడు నాలుగు బిస్కెట్లు పెట్టి కూర్చోబెట్టాను. వాడు ఇంగ్లీషులో చెప్పిన దాని సారం ఇది. క్లాసులో ఒక తోడేలు ఉంటుంది. అది పిల్లల్లోనే ఒకరు, ఎవరన్నది రహస్యం. తోడేలు దగ్గర నల్ల క్యారమ్స్ బిళ్ళ ఒకటి ఉంటుంది. క్లాసులో లాటిన్ తప్ప ఇంకో భాష ఎవరు మాట్లాడినా తోడేలు చప్పుడు చెయ్యకుండా వాళ్ళ చేతిలో ఆ బిళ్ళ పెట్టేస్తుంది. ఇక వాళ్ళు తోడేలు. క్లాసు అయ్యేసరికి బిళ్ళ ఎవరి దగ్గరుంటే వాళ్ళు కుర్చీలు సర్దాలి, ఎవరూ సాయం పట్టకూడదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెనాలిలో మా ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఇదే ఆట ఇంకో రకంగా ఆడేవారు. తెలుగు మాట్లాడితే మెడలో పలక కట్టేవారు, నేను తెలుగు మాట్లాడను అని దాని మీద ఇంగ్లీషులో రాసి. ఒకసారి ఆ పలక సాయంత్రం దాకా నా మెడలో వేలాడింది. నేను మాట్లాడింది బెంచీ పక్కనున్న కోటేశ్వరితో. టీచరుకి ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు. కోటేశ్వరేనని నా అనుమానం.

ఆ శనివారమే అనంతరామ్‌ని నిలదీశాను. అతను కంగారుపడలేదు, అదీ నాకు నచ్చలేదు. పాత బళ్ళలో సొంత భాష మాట్లాడేవాళ్ళని పట్టించే పిల్లవాణ్ణి నిజంగానే తోడేలు అనేవారని, దెబ్బలు కూడా ఉండేవని చెప్పాడు. ఈ దేశంలోనూ ఒకప్పుడు ఐరిష్ మాట్లాడిన పిల్లల మెడలో కర్ర కట్టి, మాటకో గాటు ఆ కర్ర మీద పెట్టేవారట. తను దెబ్బలూ అవమానమూ తీసేసి ఆటగా మార్చానని, పిల్లలకి సరదాగానే ఉందని అన్నాడు.

"మా అమ్మాయికి సరదాగా లేదు. ప్రతివారం దాని చేతిలోనే బిళ్ళ పెడుతున్నదెవరు?"

"ఎవరి దగ్గరుందో బయటపెట్టకూడదండీ. ఆట అలాంటిది. కానీ ఒక్క నిమిషం ఆగండి ఆంటీ, ఆ బిళ్ళ సంగతి..."

ఆ ఆంటీ దగ్గర నాకు ఓపిక అయిపోయింది. వచ్చేశాను.

ఇక నాకు తెలిసిన పద్ధతిలో ఆలోచించాను. ఒకే తప్పు ప్రతివారం ఒకే చోట జరుగుతోంది. కాబట్టి అది ఊరికే జరగట్లేదు. పిల్లలు కూర్చునే చోట్లు మారుతుంటాయి, సంభాషణ మారుతుంది, జతలు మారతాయి. మా అమ్మాయి పక్కన మారనిది ఒక్కటే, ఉజ్వల. దీని చేత ఏదో ఒక మాట అనిపించి, సరిగ్గా క్లాసు అయ్యే ముందు బిళ్ళ చేతిలో పెట్టేసి, తలుపు దగ్గర నిలబడి తమాషా చూస్తోంది. నా దగ్గర రుజువు లేదు కానీ లెక్క కుదిరింది.

మా ఆయన పిల్లల ఆటల్లోకి మనమెందుకు, వదిలెయ్ అన్నాడు. ఆయనకి పాలు విరిగినా తెలియదు.

సుధేష్ణ అన్నం తింటుండగా సూటిగా అడిగాను. "నీకు బిళ్ళ ఇచ్చేది ఉజ్వలేనా?"

దాని మొహంలో రంగు పోయింది. అంత భయం నేను దాని మొహంలో ఎన్నడూ చూడలేదు. "నో, మామ్. ప్లీజ్ లీవ్ ఇట్," అంది, కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయింది. ఆ భయమే నాకు సాక్ష్యమైంది. స్నేహం పేరుతో పక్కన చేరి ఉజ్వల నా పిల్లని ఏడిపిస్తోందని నిర్ణయించేసుకున్నాను.

మధులిక ఇంటికి వెళ్ళాను. ఆమె అప్పుడే డ్యూటీనుంచి వచ్చింది, అయినా టీ పెడతానంది. వద్దని నిలబడే చెప్పాను. అంతా విని ఆమె నెమ్మదిగానే అంది.

"మా పొల్ల అట్ల చెయ్యది, శాంతగారు. మీ సుధేష్ణ అంటే దానికి పానం."

"చెయ్యకపోతే మా అమ్మాయి ప్రతివారం కుర్చీలెందుకు మోస్తోంది? మీ అమ్మాయిని తప్పుపట్టట్లేదండీ, అర్థం చేసుకోగలను. ఇంగ్లీషు రాని పిల్ల, స్కూల్లో ఎటూ నెగ్గుకురాలేదు, ఒక్కచోటైనా ఎవరి మీదో పైచెయ్యి కావాలనిపించి ఉంటుంది."

ఆ మాట నోటినుంచి బయటపడ్డాక చూశాను, మెట్ల మీద ఉజ్వల నిలబడి ఉంది. ఆ పూట ఆ పిల్ల నేలవైపు చూడలేదు. నా మొహంలోకే చూసింది. నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది, కానీ తప్పు దొరికినవాళ్ళు అలాగే చూస్తారులే అనుకున్నాను.

"మంచిది," అంది మధులిక. "ఇగ రాదు తీయండి."

తర్వాతి శనివారం వెనక సీట్లో సుధేష్ణ ఒక్కతే కూర్చుంది. సంభాషణ అప్పజెప్పుకోలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. నాలుగు రోజులు బాధపడుతుంది, ఆ తర్వాత సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇవాళ అందరితో పాటు గెంతుకుంటూ బయటికొస్తుంది, అది చాలు.

పిల్లలు వచ్చేశారు. రోహిత్ వచ్చాడు, మిగతావాళ్ళూ వచ్చారు. మా అమ్మాయి రాలేదు.

దిగి వెళ్ళి అద్దంలోంచి చూశాను. సుధేష్ణ కుర్చీలు సర్దుతోంది.

నా పనిలో ఇలాంటిది జరిగితే దాని అర్థం ఒక్కటే. కారణమనుకున్నది తీసేశాక కూడా తప్పు అలాగే ఉందంటే, కారణం అది కాదు. ఆఫీసులో అయితే మళ్ళీ మొదటికి వచ్చి వెతుకుతాను, ఎవరికీ ఏమీ కాదు. ఇక్కడ నేను తీసేసింది ఒక పిల్లని.

అనంతరామ్ బయటికొచ్చాడు. ఈసారి నేను నోరు తెరవలేదు, అతన్నే చెప్పనిచ్చాను.

"ఆ రోజు చెప్పబోయాను ఆంటీ, మీరు వెళ్ళిపోయారు. క్లాసు అయిపోగానే బిళ్ళ నాకు ఇచ్చెయ్యరు. ఎవరి దగ్గర ఆగిందో వాళ్ళే ఇంటికి తీసుకెళ్ళి, వచ్చేవారం దాంతో మొదలెట్టాలి. మొదటివారం రోహిత్ మీ అమ్మాయికి ఇచ్చాడు. అప్పట్నుంచీ అది మీ అమ్మాయి దగ్గరే ఉంది. ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు."

"ఎందుకని?"

"నేనూ అడిగాను. చెప్పలేదు."

సుధేష్ణ చివరి కుర్చీ పెట్టి వచ్చి కారెక్కింది. నేను కారు స్టార్ట్ చెయ్యలేదు. వెనక్కి తిరిగి, ఎందుకు ఎవరికీ ఇవ్వలేదమ్మా అని అడిగాను. ఐ డోంట్ నో అంటుందని ఎదురుచూస్తున్నాను.

"ఉజ్జుకే ఇయ్యాలె గద," అంది.

నేను నా చెవుల్ని నమ్మలేదు. అది తెలుగు. మా పిల్ల నోట్లోంచి వచ్చిన తెలుగు.

"క్లాసుల అందరికన్న ఎక్కువ తెలుగు మాట్లాడేది అదే. సార్ చెప్పింది అర్థం కాకుంటె నన్నే అడుగుతది, చెవుల. నాకు ఇనిపిస్తది. రూల్ అయితె బిళ్ళ దానికే ఇయ్యాలె. నేనెట్ల ఇస్త? స్కూల్ల అందరు దాన్ని చూసి నవ్వుతరు. ఈడ అదే ఫస్టు. కుర్చీలు సర్దితె అది తెలుగు మాట్లాడిందని తెలుస్తది, ఈడ గూడ నవ్వుతరు."

"మరి ఇంకెవరికైనా ఇవ్వచ్చు కదా. రోహిత్ ఇంగ్లీషు మాట్లాడడా?"

"మాట్లాడ్తడు. వానికిస్తె, వాడు పోయి ఉజ్జుకిస్తడు. నా దగ్గర ఉంటె ఎవ్వలికి పోదు. ఇయ్యాల అది రాలేదు గని, మల్లొస్తె గూడ దానికి పోవద్దు."

అంతసేపూ దాని గొంతు మామూలుగానే ఉంది. అప్పుడు పెరిగింది.

"నేను వద్దన్న గద అమ్మా. ప్లీజ్ అన్న గద. నువ్వెందుకు పోయి అన్నవు?"

ఏళ్ళ తరబడి ఒక్క వాక్యం కోసం దాని వెంట పడ్డాను. ఆ తలుపు వెనక గుసగుసలన్నీ ఇవేనన్నమాట. నేను జంతికల పళ్ళెంతో అనుమానంగా నిలబడ్డ ఆ గదిలో ఉజ్వల మా పిల్లకి మాటలు నేర్పింది. అందులో ఒక్క మాటైనా మా తెనాలిది కాదు. అంతా కరీంనగర్. అంత అందంగా వినపడింది నాకు, అంత సిగ్గుగానూ అనిపించింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఇంటికి వెళ్ళలేదు. కారు నేరుగా మధులిక ఇంటిముందు ఆపాను. సుధేష్ణ దిగనంది. దానికి ముఖం చెల్లలేదు, నా వల్ల.

మధులిక తలుపు తీసి, లోపలికి రండి, కూసోండి అంది. మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పాను. బిళ్ళ ఎవరి దగ్గరుందో, ఎందుకుందో, నేను ఎంత నీచంగా ఆలోచించానో, ఏదీ దాచలేదు. తప్పంతా నాదేనని, పిల్లల్ని విడదీయొద్దని చేతులు పట్టుకుని అడిగాను.

"నాదేముంది. పిల్లనే అడుగుదాం," అని మధులిక మెట్లవైపు పిలిచింది.

ఉజ్వల దిగి వచ్చింది. నా ఎదురుగా నిలబడింది. నేను తెలుగులో క్షమించమని అడిగాను, పదకొండేళ్ళ పిల్లని. శనివారం మళ్ళీ రమ్మన్నాను.

ఆ పిల్ల ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, తప్పు దొర్లకుండా చూసుకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. "థాంక్యూ, ఆంటీ. ఐ డోంట్ వాంట్ టు గో దేర్ ఎనీ మోర్."

"సుధేష్ణ కార్లో ఉందమ్మా. ఒక్కసారి వచ్చి దాంతో మాట్లాడు."

"ఐ హావ్ హోంవర్క్, ఆంటీ."

మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు వినిపించింది.

"మీరొచ్చిపోయిన ఆ రోజుకెల్లి ఇంట్ల గూడ ఇంగ్లీషే," అంది మధులిక. ఆమె గొంతులో కోపం లేదు, ఉంటే బావుండేది. "టీవీ ముందర కూసుండి ఒక్కతే నేర్చుకుంటున్నది. నాతోని గూడ తెలుగుల మాట్లాడ్తలేదు. మంచిదే గదా అనుకుంటున్న."

వచ్చేశాను. కారు దాకా నడిచేసరికి సుధేష్ణ అద్దం దించి మెడ బయటికి పెట్టి చూస్తోంది.

"ఏమన్నది?" అంది.

అబద్ధం చెప్పాలనిపించింది. రేపొస్తుందట, ఒంట్లో బాలేదట, ఏదో ఒకటి. కానీ ఆ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

"రానంది, అమ్మా."

"తెలుగుల అన్నదా?"

"లేదు. ఇంగ్లీషులో."

సుధేష్ణ కాసేపు ఆ ఇంటి పైకిటికీ వైపు చూసింది. అద్దం ఎక్కించుకుంది. బెల్టు పెట్టుకుంది.

"ఓకే, మామ్," అంది. "కెన్ వీ గో హోమ్ నౌ?"